గోడవైపు పక్క

తెల్ల గుర్రం మళ్ళీ పచ్చగా లేచింది.

దుర్గ బకెట్టు కింద పెట్టి నడుం మీద చేతులేసుకుంది.

"ఏటయ్యా ఇది! గుర్రమా, పేడతో అలికిన గోడా?"

ఆమె మొగుడు ఏడుకొండలు బ్రష్షు అందుకున్నాడు.

పజుండౌంగ్ వాగు పక్కన వాళ్ళ ఇల్లు. ఇంటి వెనక రేకుల కొట్టం. అందులో ఈ గుర్రం.

రంగూన్‌లో పిల్లలకి షిన్‌బ్యూ, అంటే సన్యాసదీక్ష, చేయించేటప్పుడు రాకుమారుడిలా అలంకరించి, గుర్రమెక్కించి, బౌద్ధమఠం దాకా ఊరేగిస్తారు. ఆ ఊరేగింపులకి తిప్పుదామనే ఏడుకొండలు దీన్ని కొన్నాడు.

ఊరేగింపులు కుదిర్చే డో హ్నిన్ ఆ ఉదయమే వచ్చి చూసింది. వాళ్ళ అమ్మమ్మ తెలుగామె. అందుకే ఆమె తిట్లు మాత్రం తెలుగులోనే వస్తాయి.

"పట్టుబట్టల పిల్లోణ్ణి ఈ పెంట మీద కూసోబెట్టమంటావా? ఆదివారం మచ్చ కనిపించిందో, ఇంక నీ గడప తొక్కను."

ఆమె పిలవకపోతే గుర్రానికి పని లేదు. పని లేని గుర్రాన్ని మేపలేరు. ఈ వయసు గుర్రాన్ని బండికి ఎవరూ కొనరు. కోతకైతే కొంటారని దుర్గకి తెలుసు.

తప్పు గుర్రం కింద పరిచే పక్కదేనని ఏడుకొండలు నమ్మకం.

వరిగడ్డి పరిస్తే గుర్రం తినేసింది. మిల్లు నుంచి ఊక తెచ్చి పోస్తే తుమ్మి తుమ్మి చచ్చింది. రంపపు పొట్టు తడిసి బురదైంది. చివరికి వడ్రంగి షెడ్డు ఊడ్చిపెట్టే ఒప్పందం మీద, చిత్రిక పట్టగా రాలిన పొట్టు తెచ్చాడు. మెత్తగా, పొడిగా, చుట్టలు చుట్టలుగా ఉంది. తనకే పడుకోవాలనిపించింది.

ఏం పరిచినా గుర్రం చేసేది ఒకటే. కాళ్ళతో పొడి పక్కంతా గోడవైపు తోసి, తను తలుపు దగ్గర తడిలో పడుకునేది.

"మంచం మీద పరుపేస్తే కింద దొర్లినట్టు," అన్నాడు ఏడుకొండలు. "దీని బుద్దే అంత."

గురువారం మధ్యాహ్నం ఒక ముసలాయన సందులోకి వచ్చాడు. మాసిన లుంగీ, భుజాన గళ్ళ తువ్వాలు.

"అమ్మా, ఒకపాలి గుర్రాన్ని సూడొచ్చా?"

"సూడ్డానికేటుంది తాతా, అందులో!" నవ్వింది దుర్గ. కానీ ఎండలో నడిచొచ్చిన మనిషి. టీ ఇచ్చి, కొట్టంలోకి పంపింది.

గుర్రం మేత ఆపి చెవులు నిక్కించింది.

కాసేపటికి ఏడుకొండలు వచ్చాడు. ముసలాయన గోడవైపు పొట్టు మీద కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు.

"సత్రం అనుకున్నావేటి? లే, లే!"

ఆ అరుపుకి దుర్గ వచ్చేసరికి ముసలాయన గోడ పట్టుకుని లేచాడు. ఒంటికంటిన పొట్టు కూడా దులుపుకోలేదు.

"కోప్పడకు బాబూ. ఎల్లిపోతన్నాను."

వెళ్తూ తువ్వాలు మడిచి ఆ పొట్టు మీద పెట్టాడు.

"ఇది ఇక్కడే ఉండనీ అమ్మా."

మళ్ళీ వచ్చి తీసుకుంటాడనుకుని దుర్గ సరేనంది.

మర్నాడు గుర్రం తెల్లగా లేచింది.

ఆ మర్నాడూ అంతే.

"సూసేవా!" ఏడుకొండలు తొడ చరిచాడు. "సిత్రిక పొట్టంటే ఏటనుకున్నావు? నాను సెప్తే ఇన్నావు కాదు."

డో హ్నిన్‌కి ఫోన్ చేసి మరీ చెప్పాడు. ఊరేగింపు ముందురోజని శనివారం కొట్టమంతా కడిగాడు. పాత పొట్టు ఎత్తి పెంటకుప్పలో పోశాడు. తువ్వాలు కూడా అందులోనే విసిరాడు.

"అయ్యో, అది తాతది!" అంది దుర్గ.

"ఆ కంపు గుడ్డ కోసం మళ్ళీ ఒస్తాడేటి? నువ్వొకర్తివి!"

కొత్త పొట్టు జానెడు మందాన పరిచాడు.

ఆదివారం గుర్రం పచ్చగా లేచింది. ఎంత రుద్దినా డొక్క మీద మచ్చ పోలేదు. డో హ్నిన్ ఒక్క చూపు చూసి, ఇంకో గుర్రం కోసం ఫోన్ తీసింది.

ఏడుకొండలు, ఆ గుర్రాన్ని తనకి అమ్మిపెట్టిన దళారి బాబూరావుకి, దాన్ని తోలుకుపొమ్మని కబురు చేశాడు. అతను పలుపుతాడుతో వచ్చాడు.

"పెంటగుర్రాన్ని అంటగట్టీసినావు కదేటి నాకు!"

"ఇదా? ఏటికవతల ట్వంటే ఊరు మొత్తం మీద ఇంత సుబ్బరమైన గుర్రం లేదు." బాబూరావు లోపలికి తొంగిచూశాడు. "పొట్టంతా అలా గోడకి తోసిందేటి?"

"ఏటేసినా అంతే."

"మరి ఆ సోట పడుకునీవోడు లేడు కదా."

"ఎవుడు?"

"వరదకి ఇల్లు పోయింది కాడ్నించి, దీన్ని పెంచినాయన దీంతోపాటే పడుకునీవోడు. పొడిసోటు ఆయనకి ఒగ్గీసి, ఆయనొచ్చి ఒరిగితేగానీ ఇది పక్కకి సేరేది కాదు. జబ్బు సేసి అమ్మీసినాడు. మొన్న ఆసుపత్రికని ఏరు దాటొచ్చాడు. ఒక్కపాలి సూసెల్తానంటే మీ సందు సెప్పేను. రాలేదేటి?"



"ఒచ్చాడు. ఇప్పుడెలాగున్నాడు?" అడిగింది దుర్గ.

"నిన్న సాయంత్రం పోయాడమ్మా."

కొట్టంలో గుర్రం కాలితో పొట్టును ఇంకాస్త గోడవైపు తోసింది.

ఏడుకొండలు బాబూరావు చేతిలోని పలుపుతాడు తీసుకుని గోడ మేకుకి తగిలించాడు.

తర్వాత పెరట్లోకి వెళ్ళి, పెంటకుప్ప ముందు కూర్చుని, గళ్ళ తువ్వాలు కోసం రెండు చేతులతో వెతకడం మొదలుపెట్టాడు.