గింజవాసి

“ఒక గింజ ఎక్కువైంది బాబూ.”

బూట్ల మేస్త్రి తలెత్తాడు.

కొట్టు గుమ్మంలో ఎవరో పెద్దాయన. బడి నుంచి వస్తున్న మేస్త్రి కూతురి నడకనే చూస్తున్నాడు.

పిల్లకి తొమ్మిదేళ్ళు. పుట్టుకతోనే కుడికాలు అంగుళం పొట్టి. ఆ కాలి బూటుకి మేస్త్రే అంగుళం మందాన తోలు పొరలు వేశాడు.

బూట్లు కుట్టేవాళ్ళ లెక్కలో అంగుళమంటే మూడు గింజలు. పూర్వం మూడు బార్లీ గింజల్ని కొసకు కొస పేర్చి అంగుళం చూసేవారట. గింజలు పోయినా లెక్క మిగిలింది. ఇప్పటికీ బూటు సైజుకీ సైజుకీ మధ్య తేడా గింజ పొడవే.

“కొలిచే వేశానండీ. మూడు గింజల పొట్టి, మూడు గింజల తోలు.”

“ఎంత పొట్టో అంతా పెట్టకూడదు. నడుము ఆ వంపుకి అలవాటు పడి ఉంటుంది. ఒక గింజ దానికి వదిలెయ్యాలి.”

“మీరు డాక్టరా?”

“కాదు. ముప్పై ఏళ్ళు ఇంటింటికీ తిరిగి ఉత్తరాలు పంచాను.”

మేస్త్రికి ఒళ్ళు మండింది. “అయితే ఉత్తరాల సంగతి చెప్పండి, వింటాను.”

పెద్దాయన మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. అదే మాట.

నాలుగో రోజు మేస్త్రి నోరు జారాడు.

“నా కూతురు కుంటుతుంటే చూడ్డం మీకు కాలక్షేపమా? నిటారుగా నడిచేవాళ్ళకేం తెలుస్తుందండీ దాని బాధ?”

పెద్దాయన ఏదో చెప్పబోయాడు. లోపలి గదిలోంచి పిల్ల తొంగి చూస్తోంది. ఆగిపోయాడు.

“నిజమే” అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

చలికాలానికి పిల్ల మంచం దిగనంది.

“నడుం లాగేస్తోంది నాన్నా. ఆ బూట్లొద్దు.”

“ఆయన చెప్పినట్టు ఒక్కసారి చేసి చూస్తే మీ సొమ్మేం పోయింది?” అంది భార్య.

మేస్త్రి కత్తి తీసి గింజ మందం తోలు చెక్కేశాడు.

వారం తిరక్కుండా పిల్ల వీధి చివరిదాకా నడిచింది. నెల తిరిగేసరికి తోటిపిల్లల వెంట పరుగెత్తింది.

ఆ సాయంత్రమే మేస్త్రి తపాలా ఆఫీసులో చిరునామా కనుక్కుని వెళ్ళాడు. ఒక నడివయసావిడ తలుపు తీసింది.

“అన్నయ్య పోయి పదిహేను రోజులైందండీ.”



“ఒక మాట అన్నానమ్మా ఆయన్ని. వెనక్కి తీసుకుందామని వచ్చాను. బూట్లు కుట్టేవాణ్ణి.”

ఆవిడ లోపలికెళ్ళి ఓ జత తెచ్చింది.

“ఇవి మీరైనా పట్టుకెళ్ళండి. ఎవరికిచ్చినా, నడవలేకపోతున్నామని తిరిగిచ్చేస్తున్నారు.”

పైకి రెండూ ఒక్కలాగే ఉన్నాయి. మేస్త్రి అలవాటు కొద్దీ లోపల చెయ్యి పెట్టి తడిమాడు.

ఎడమ బూటులో ఏమీ లేదు.

కుడి బూటులో, మడమ కింద, ఏళ్ళ తరబడి అరిగి నున్నబడిన తోలు రెండు గింజల మందాన ఉంది. దాని అంచున, ఎప్పుడో పీకేసిన మూడో గింజ తాలూకు జిగురు ఎండిపోయి ఉంది.