రెండు దారాల పతంగి

"ఆ నల్లది వద్దు బిడ్డా. ఎర్రది తీసుకో."

మొక్కలకు నీళ్లు పెడుతున్న మాలీ అన్నాడా మాట. రాకేశ్ వినిపించుకోలేదు.

హైటెక్ సిటీ వెనక, రాళ్ల మధ్య కొత్తగా లేచిన ఆఫీసు అది. పక్కనున్న ఖాళీ జాగాలో మూడు విదేశీ పతంగులు పరిచి ఉన్నాయి. ఒక్కోదానికి రెండేసి దారాలు. రెండు చేతులతో రెండు దారాలూ ఆడిస్తుంటే గాలిలో గిరికీలు కొడతాయట. శనివారం రాబోయే విదేశీ అతిథులు ముందుగా పంపిన కానుకలు.

"పతంగుల్లో మీ తర్వాతే ఎవరైనా అంటున్నారు కదా. వాళ్ల ముందు ఒకటి ఎగరెయ్యండి," అన్నాడు పొద్దున మేనేజరు భీమేశ్వరరావు రాకేశ్‌తో. "మీ ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం నా టేబుల్ మీదే ఉందండి. సోమవారం చూస్తాను."

అంతకన్నా విడమరిచి చెప్పాల్సిన పని లేదు.

రాకేశ్ మణికొండ మిద్దెల మీద పతంగులు ఎగరేస్తూ పెరిగినవాడే. కానీ రెండు దారాల పతంగిని ముట్టుకోవడం ఇదే మొదటిసారి. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

కొత్తవాళ్లు వెడల్పు రెక్కల ఎర్రదానితో మొదలుపెట్టాలని పెట్టెలోని కాగితంలో రాసి ఉంది. అది నిదానమట. నల్లది సన్నగా, చురుగ్గా ఉంది. నిదానమైనదాన్ని మణికొండలో ఎవరు పట్టుకుంటారు? రాకేశ్ నల్లదే తీశాడు.

దానికి కట్టి ఉన్న తెల్లటి, నున్నటి దారాలు విప్పి పక్కన పడేశాడు. సంచిలోంచి పతంగి దారం చుట్టే చరఖా తీశాడు. దాని నిండా గులాబీ రంగు మాంజా.

మాలీ చేతిలోని పైపు కింద పడింది.

"గాజుపొడి మాంజానా? గిదానికెందుకు?"

"పండుగ పోయి వారమైనా బస్తీ పోరగాండ్లు పతంగులు దించలే. ఫారిన్ పతంగి కనబడితే ఇడుస్తరా? అందరి ముందట కోసి పడేస్తరు. గప్పుడు నా ఇజ్జత్ ఏంగావాలె?"

"జర ఇను బిడ్డా. గిరికీ కొట్టినప్పుడు రెండు దారాలు మెలిపడ్తయ్. నున్నటియైతే జారుకుంటయ్. మాంజా అయితే దాన్నదే కోసుకుంటది."

"నువ్వెన్నడన్న ఎగరేసినవా గిసొంటిది?"

"గిది ఎగరెయ్యలే. మాంజా సంగతి ఎరుకే."

రాకేశ్ నవ్వాడు. "ఇది మూసాపేట వీరేశం మాంజా, తాతా! ఆయన్ని నేనెన్నడు చూడలేగని, ఈ మాంజాను కోసినోణ్ణి గూడ చూడలే. ఎందుకో చేసుడు బంద్ పెట్టిండు. ఎన్మిదేండ్ల సంది దాచిన. ఇగ ఇదే ఆఖరిది."

ముసలాయన చరఖా వైపే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత చెయ్యి చాపాడు.

"అది నాకియ్యి బిడ్డా. నీ కాల్మొక్కుత."

ఓహో, ఇదా సంగతి అనుకున్నాడు రాకేశ్. వీరేశం మాంజా అంటే ఎవరికి ఆశ ఉండదు!

మర్నాడూ మాలీ అడిగాడు. ఆ మర్నాడూ అడిగాడు. శుక్రవారం సాయంత్రం రాకేశ్ సంచిలో మాలీ చెయ్యి పెట్టి దొరికిపోయాడు.

రాకేశ్‌కు ఒళ్లు మండింది. నేరుగా భీమేశ్వరరావు గదికి వెళ్లి చెప్పాడు. ఆయన అప్పటికప్పుడే కాంట్రాక్టరుకు ఫోన్ చేశాడు. "ఆ మాలీని రేపట్నుంచి పంపకండి."

శనివారం అతిథులు కుర్చీల్లో కూర్చున్నారు. గాలి బాగా ఉంది. నలభై గజాల దూరంలో, కంచె పక్కన, నల్ల పతంగి పట్టుకుని నిలబడింది తోటి ఉద్యోగిని ఉదయశ్రీ.

"రాకేశ్ గారూ, వదిలెయ్యనా అండీ?"

"వదులు!"

పతంగి రివ్వున లేచింది. మొదటి గిరికీకి చప్పట్లు. రెండో గిరికీకి ఇంకా చప్పట్లు.

రాకేశ్ వేళ్లకు సన్నని గరగర తెలిసింది. దారాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. మాలీ మాట గుర్తొచ్చింది. దించేద్దామా? కుర్చీల వైపు చూశాడు. భీమేశ్వరరావు నవ్వుతున్నాడు.

మూడో గిరికీలో ఒక దారం తెగింది.

పతంగి అడ్డంగా తిరిగి కిందికి దూసుకొచ్చింది. మిద్దెల మీది అలవాటు ఊరుకుంటుందా? రాకేశ్ మిగిలిన దారాన్ని బలంగా గుంజాడు. మాంజా బిగిసి, సరిగ్గా ఉదయశ్రీ మెడ ఎత్తున ఆమె మీదికి వచ్చింది.

ఎవరో కంచె అవతలి నుంచి దూకారు. రెండు ఉత్త చేతులు ఆ మాంజాను ఒడిసి పట్టుకున్నాయి.

"ఇడువు! దారం ఇడువు!" మాలీ అరుపు.

రాకేశ్ వదిలేశాడు.

ఉదయశ్రీ మెడ మీద సన్నటి గులాబీ గీత పడింది. అది రంగే. ముసలాయన అరచేతుల్లోంచి మాత్రం రక్తం కారుతోంది.

"అయ్యో, పదండి, ఆసుపత్రికి వెళ్దాం!" అంది ఆమె.

ఆయన ఆమె మెడ వైపే చూశాడు. ఒకసారి కాదు, రెండు మూడుసార్లు చూశాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఈసారి అందింది తల్లీ," అని, చేతులకు తువ్వాలు చుట్టుకుని కంచె దాటి వెళ్లిపోయాడు. రాకేశ్ పరుగెత్తుకొచ్చేసరికి రాళ్ల మధ్య ఎవరూ లేరు.

సోమవారం రాకేశ్ మేనేజరు గదికి వెళ్లలేదు. కాంట్రాక్టరు దగ్గరికి వెళ్లాడు.

"ఆ మాలీని మళ్ల పిలువుండ్రి. తప్పు నాది."

"ఏడ దొరుకుతడు సార్? పని పోయిందని నిన్ననే కిరాయి ఇల్లు ఖాళీ జేసిండు. పాపం, ఎన్మిదేండ్ల కింద ఆయన బిడ్డ మెడకు మాంజా సుట్టుకున్నదట. ఉరికిండట గని అందలేదట. గప్పటి సంది ఏ ఊర్ల నిలువడు."

"పేరేంది ఆయనది?" అడిగాడు రాకేశ్.

కాంట్రాక్టరు హాజరు పుస్తకం తిప్పి చూపించాడు. శుక్రవారం దాకా పెట్టిన వేలిముద్రల పక్కన రాసి ఉంది, వీరేశం, మూసాపేట అని.