అద్దెలోనే దీపం

గుడ్లు పెట్టే వేళ దగ్గరపడి, పిచ్చుక ఒకటి గూడు వెతుక్కుంటూ వాగు ఒడ్డున ఈతచెట్టు దగ్గరికొచ్చింది.

"పూటకో వరిగింజ ఇయ్యమ్మా, చాలు. గాలి, నీళ్లు, దీపం అన్నీ అద్దెలోనే," అన్నాడు గూడు అల్లిన గిజిగాడు.

లోపల తడిమట్టిలో అతికించిన మిణుగురు మెరుస్తోంది. నక్షత్రమే ఇంట్లోకి దిగినట్టుందని పిచ్చుక మురిసిపోయింది.

"అక్కా, రెక్కలు అంటుకుపోయాయి. విడిపించవూ?" అంది మిణుగురు.

"గుడ్లు పెట్టేదాకా ఉండవే తల్లీ! నాకు చీకటంటే భయం."

గుడ్లు పెట్టిన సాయంత్రం పిచ్చుక ఆ మట్టిని ముక్కుతో గీకింది. మిణుగురు మెరవలేదు, కదలలేదు.

"నిన్ననే గీకి ఉంటే ఎగిరిపోయేది కదా!" అని పిచ్చుక వెక్కివెక్కి ఏడ్చింది.

ఆ ఏడుపు విని గిజిగాడు ముక్కున కొత్త మిణుగురుతో వచ్చాడు.

"ఈమాత్రానికి ఏడుస్తారటమ్మా? దీపం మార్చడం కూడా అద్దెలోదే."