చప్పుడు లేని కారు

కొత్త కారు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టి పూజారి పక్కకు తప్పుకున్నాడు.

"పోనివ్వండి బాబూ."

చైతన్యకృష్ణ మెల్లగా పెడల్ నొక్కాడు. నిమ్మకాయలు చితికాయి. అవి చితికితేగాని కారు కదిలినట్టు పూజారికి తెలియలేదు.

"స్టార్టు చేశారా అసలు?"

పక్క సీట్లో కూర్చున్న శ్రీరమ్య నవ్వింది. "బ్యాటరీ కారండీ. చప్పుడు చెయ్యదు."

పెదకాకాని గుడి ముందు తమ బండ్లకు పూజ చేయించుకోవడానికి వచ్చిన ఆటోవాళ్లు, ట్రాక్టరువాళ్లు పని మానేసి ఆ జర్మనీ స్పోర్ట్స్ కారు చుట్టూ మూగారు. శ్రీరమ్య మాత్రం తాము అమ్మేసిన పాత అమెరికా మజిల్ కారునే తలుచుకుంది. అదీ ప్రేమతో కాదు. ఆ ఎర్ర కారు ఊరి పొలిమేరలో ఉండగానే వీధిలో కుక్కలు లేచేవి. భర్త వస్తున్నాడని ఆ మోత విని ఆమె అన్నం వడ్డించేది.

"పీడ వదిలింది," అంది.

"అన్నట్టు, దీన్ని ముందు ఎవరికి చూపించాలో తెలుసా?" అన్నాడు చైతన్యకృష్ణ.

"మీ నాన్నగారికా?"

"తువ్వాలు పెద్దాయనకి."

అద్దంకి దగ్గర చైతన్యకృష్ణ వాళ్లకు మిరపకాయల కోల్డ్ స్టోరేజీ ఉంది. సాయంత్రాలు అక్కడికి వెళ్లే దారిలో ఒక మలుపు, ఆ మలుపులో ఇంటెత్తున పేర్చిన పత్తికట్టె మోపులు. అమెరికా కారు మోత వినపడగానే ఒక ముసలాయన ఆ మోపుల ముందుకు వచ్చి, ఎర్ర తువ్వాలు పైకెత్తి నిలబడేవాడు. కారు దాటిపోయేదాకా దించేవాడు కాదు. చైతన్యకృష్ణ కూడా హుషారుగా చెయ్యి ఊపి, కారును ఇంకాస్త ఉరికించేవాడు.

ఒకసారి ఆపి పలకరించాడు కూడా.

"ఎక్కుతావా పెద్దాయనా? ఒక రౌండు తిప్పుతా."

"మీరెళ్లండి బాబూ. మీరు దాటితే మాకదే చాలు."

ఆ మాటను చైతన్యకృష్ణ ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్కలేదు.

"ఆయనకి మీ కారంటే పిచ్చేమో," అనేది శ్రీరమ్య.

"కారంటే కాదు, నేనంటే."

వెర్రి వెయ్యి విధాలన్నారు. అందులో ఇదొకటి అనుకుని ఆమె ఊరుకునేది.

ఇంట్లో భోజనం చేసి బయల్దేరితే, పొద్దువాలే వేళకు మలుపు దగ్గరకొచ్చారు.

"హారన్ కొట్టండి," అంది శ్రీరమ్య.

"వద్దు. చప్పుడు లేకుండా వెళ్లి పక్కన ఆపుతాను. ఆయన మొహం చూడాలి."

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు. ఆ సరదాలో అతను వేగం కూడా సరిగా తగ్గించలేదు.

మలుపు తిరిగాక, ఇన్నేళ్లలో మొదటిసారి, అతనికి పెద్దాయన వీపు కనిపించింది. తువ్వాలు భుజాన ఉంది. మోపుల వైపు తిరిగి, రెండు చేతులతో ఎవరినో రమ్మంటూ, వెనక్కి అడుగులు వేసుకుంటూ రోడ్డు మీదికి వస్తున్నాడు.

చైతన్యకృష్ణ బ్రేకు తొక్కాడు. కారు ఆగింది. కానీ పెద్దాయనను తాకాక ఆగింది.

మోపుల వెనక నుంచి ఆడకూలీలు, పిల్లలు గొల్లుమంటూ వచ్చారు. చైతన్యకృష్ణ పెద్దాయనను పొదివి ఎత్తుకుని కారు తలుపు దగ్గరకు తెచ్చాడు. నేలబారు కారు. నడుము విరిగిన మనిషి అందులోకి ఎలా వంగుతాడు? శ్రీరమ్య దిగి సీటు వెనక్కి వాల్చింది. అయినా పట్టలేదు.

"దీంట్లో ఎట్టా పడుకోబెడతారయ్యా, ఇటివ్వండి," అంటూ ఒకావిడ ఆయనను లాక్కున్నంత పని చేసి కూలీల ఆటోలోకి ఎక్కించింది.

ఆటో దగ్గుకుంటూ అద్దంకి వైపు సాగింది. గాలిని కోసుకుపోయే కారు దాని వెనక ఈడ్చుకుంటూ వెళ్లింది. ముందుకెళ్లి మాత్రం చేసేదేముంది?

ఆసుపత్రిలో డాక్టరు ఎక్కువసేపు చూడలేదు. "దారిలోనే పోయాడమ్మా," అన్నాడు.

చైతన్యకృష్ణ వరండా గోడకు జారబడ్డాడు. ఆటోలో వచ్చినావిడ, కూలీల మేస్త్రి అంకమ్మ, కాస్త దూరంగా కూర్చుంది.

"ఆయన పేరేంటమ్మా?"

"జక్రయ్యండి. మిరప కల్లంలో కాపలా ఉంటాడు."

"నేనంటే ఎంతో ఇష్టం ఆయనకి. రోజూ నాకు తువ్వాలు ఊపేవాడు." అతనికి ఏడుపు ఆగలేదు.

అంకమ్మ అతని వంక తేరిపార చూసింది.

"ఆ ఎర్రకారు బాబు మీరేనా? మీకు ఊపటమేంది బాబూ? అది మాకు. తువ్వాలు లేస్తే మేం మోపుల ఎనక ఆగిపోవాల. దించితే రోడ్డు దాటాల."

అతను గోడను వదిలి ఆమె వైపు తిరిగాడు. అంకమ్మ చెప్పుకుపోయింది.

"మీ ఎర్రకారు మొదటిసారి వచ్చిన రోజున నా మనవరాలు ఆరాధన రోడ్డు మధ్యలో ఉంది. జక్రయ్య మావ రెక్క పట్టి లాగబట్టి దక్కింది. మీరు చూసుకోకుండానే ఎళ్లిపోయారు. అప్పట్నించి మేం చేలో పని దిగే ఏళకి కల్లం ఒదిలేసి వచ్చి నిలబడేవోడు. మీ కారు మోత మైలు అవతలే ఇనపడేది గదా."

"మరి ఇవాళ..."

"ఇయ్యాల శానాసేపు చెవొగ్గి ఇన్నాడు. ఆ బాబు కారు రాలేదు, రండమ్మా అన్నాడు."

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది.

"ఆ కారోణ్ణి ఆపి నాలుగు తిట్టు మావా అంటే ఇనేవోడు కాదు. 'కుర్రోడు చెడ్డోడు కాదే, చూసుకోడు అంతే. ఆ బాబు చేతిలో మనిషి పోతే ఇంక బతికినన్నాళ్లూ అన్నం తినలేడు' అనేవోడు."

కల్లం కాపలా జక్రయ్య ఇన్నేళ్లూ ఆ మలుపులో కాపలా కాసింది కూలీలకు మాత్రమే కాదు, చైతన్యకృష్ణకు కూడా.