సూదికి దారం ఎక్కించిన గంట

నా పేరు భాగీరథమ్మ. వయసు డెబ్బై దాటింది. బెంగళూరు చిక్కపేట వెనక సందులో నేనూ నా కొడుకూ ఉండాము. నేను పట్టుచీరల కొంగులకు కుచ్చులు కడతాను. పీణ్యలో వాడు పని చేసే లేత్ షాపు మూసేసినప్పట్నించీ వాడికి పని లేదు.

ఉద్యోగాల లెక్క రాసుకునే అప్పా, మా గడపలో నిలబడి, "పోయిన వారం మీవాడు ఒక గంటైనా పని చేసినాడా, ఊరికే కూర్చున్నాడా?" అంటివి. కొడుకు ఊరికే కూర్చున్నాడని ఏ తల్లి చెప్తుంది? "నా సూదుల్లో ఒక గంట దారం ఎక్కించినాడు" అంటిని. పనిలో ఉండాడని రాసుకుని పోతివి.

ఇప్పుడు టీవీలో దేశదేశాల నిరుద్యోగం గీతలు చూపిస్తాండారు. వాళ్ల గీతలు పైకి పోయినాయంట, మనది ఏడాదేడాదికీ దిగుతా ఉండాదంట. దిగదా మరి, నా కొడుకు నెత్తిన కాలు పెట్టి దిగింది!

వాణ్ణి ఆ లెక్కలోంచి కొట్టెయ్. పని లేనోడని రాయి.

నేను చెప్తాంటే ఇది రాసింది వాడే. 'పని లేనోడు' అనే మాట కాడ పెన్ను ఆపినాడు. "రాయరా" అంటిని. మొత్తం గంట పట్టింది.

ఈ గంటను కూడా పని కింద రాసుకునేవు, జాగ్రత్త!

భాగీరథమ్మ వేలిముద్ర
సాక్షులు (ఇరుగుపొరుగు): అనసూయ, గిరీష్