ఏడో నంబరు

"ఈ పొద్దు కోర్టులో తెలుగు వద్దు" అన్నాడు కబడ్డీ కోచ్ పళనివేల్.

హాఫ్‌టైమ్. తిరుప్పూరులో పద్నాలుగేళ్లలోపు ఆడపిల్లల ఫైనల్. గెలిచిన జట్టు రాష్ట్ర పోటీలకు వెళ్తుంది. పళనివేల్ జట్టు కోయంబత్తూరులోని ఒక ప్రైవేటు స్కూలుది. ఆరు పాయింట్లు వెనకబడి ఉంది. ముందున్నది కినత్తుకడవు నుంచి వచ్చిన సర్కారు బడి.

పళనివేల్ జట్టు పిల్లలంతా తెలుగు ఇళ్లవాళ్లు. ఆయన గట్టు మీద నుంచి తెలుగులో అరుస్తాడు. అవతలి తమిళ పిల్లలకు అర్థం కాదు. చాలా కప్పులు ఇలాగే వచ్చాయి. దీన్ని ఆయన వ్యూహం అంటాడు.

"ఎందుకు సార్?" కెప్టెన్ మధుమిత అడిగింది.

"ఆ ఏడో నంబరుకు తెలుగు వస్తాది."

"మనవాండ్లా సార్?"

"గీతకు అవతల నిలబడినోళ్లు ఎవురూ మనవాండ్లు కాదు."

అవతలి జట్టు పాయింట్లలో సగానికి పైగా ఏడో నంబరు పిల్ల తెచ్చినవే.

"దాని కుడి మోకాలు పోయిన ఏడు దెబ్బ తినింది" అన్నాడు పళనివేల్. "తెలియకూడదని కట్టు కట్టుకోలేదు. రెయిడ్‌కు వచ్చి ఎడమకు తిరిగేటప్పుడు బరువంతా ఆ కాలి మీదే పెడతాది. అప్పుడు పట్టు. పట్టి తిప్పు. మిగతావాళ్లు మీద పడండి. అంపైరుకు కనపడదు."

ఎదుటి జట్ల వీడియోలు సార్ రాత్రుళ్లు కూర్చుని చూస్తాడని పిల్లలు చెప్పుకుంటారు. ఇంత తెలిసినందుకు ఎవరూ ఆశ్చర్యపోలేదు.

"పాపం సార్. కాలు పోతాది" అంది మధుమిత.

"పోతే పోనీ. అదేమన్నా నీ చెల్లెలా?"

పిల్లలు నవ్వారు.

"చేతకాకుంటే చెప్పు. వైష్ణవి కెప్టెన్. నువ్వు పోయి వాకిట్లో కోలం వేసుకో."

మళ్లీ నవ్వారు. మధుమిత కోర్టులోకి వెళ్లింది.

ఏడో నంబరు రెయిడ్‌కు వచ్చింది. ఎడమకు తిరిగింది. మధుమిత మోకాలు పట్టింది. మిగతావాళ్లు మీద పడ్డారు. కేక వినిపించింది. తర్వాత విజిల్ వినిపించింది.

అందరూ లేచారు. ఆ పిల్ల లేవలేదు. మోకాలి చిప్ప ఉండాల్సిన చోట లేదు.

మధుమిత కోర్టు చివరికి వెళ్లి వాంతి చేసుకుంది. "సీక్రం రా, ఆట ఉంది" అని పళనివేల్ అరిచాడు.

పళనివేల్ జట్టు నాలుగు పాయింట్ల తేడాతో గెలిచింది. ఆయన కప్పు అందుకున్నాడు. ఫోటోగ్రాఫరు అంబులెన్స్ వైపు నడవడం చూసి, కప్పు చంకలో పెట్టుకుని తనూ నడిచాడు. స్ట్రెచర్ మీదికి వంగాడు. చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా తమిళంలో, ఆటలో ఇవన్నీ మామూలే కణ్ణు, ధైర్యంగా ఉండు అన్నాడు.

ఏడో నంబరు పిల్ల కళ్లు తెరిచి, తెలుగులో అంది: "అమ్మకు నువ్వే ఫోన్ చేసి చెప్పు, నాయనా."