ముళ్ల కాళ్ల మిడతలు

సింధుజ చాటలో బియ్యం ఏరుతూ, దొరికిన రాళ్లను గడప అవతలికి విసురుతోంది. పొరుగింటి పెంటమ్మ కూరగాయల గంప దించి, అందులోంచి ఒక గాజుసీసా తీసి ముందు పెట్టింది.

"పదకొండున్నయి బిడ్డ. చిక్కుడు పందిరి మీద దొరికినయి. మీసాలు జూడు, మా ముసలోడు మైసయ్యకు గూడ గింత లెవ్వు."

సీసా నిండా పచ్చటి మిడతలు. ఒంటికంటే పొడవైన మీసాలు, ముందుకాళ్లకు వరసగా ముళ్లు. ఆ ముళ్లు పురుగులను అదిమిపట్టి తినడానికే. ఇవి ఆకు జోలికి పోవు. ఈ తేడాను సింధుజకు చిన్నప్పుడే చేనుగట్టు మీద కూర్చోబెట్టి చూపించింది పెంటమ్మే.

ముడిమ్యాల ఊరి పిల్లలంతా ఉద్యోగాలకని హైటెక్ సిటీ బస్సెక్కుతున్న రోజులవి. బీఎస్సీ చదివి ఇంట్లోనే ఉన్న సింధుజకు ఒక పురుగుమందుల కంపెనీలో, చేలల్లోని పురుగులను లెక్కబెట్టే సర్వే పని దొరికింది. చేవెళ్ల ఆఫీసులో సారు నవ్వుతూనే చెప్పాడు. ఆకు తినేవి ఎక్కువ తేలితే ఊరంతా మందు కొట్టిస్తారట, ఆమె ఉద్యోగం పర్మనెంటవుతుందట. పెంటమ్మ మాత్రం తన తోటలో ఏనాడూ మందు కొట్టలేదు. ఈ మిడతలే ఆమె పంటకు కావలి.

సింధుజ చాట పక్కన పెట్టి, సర్వే కాగితం తీసి గడి నింపింది.

"లెక్క రాసినవా?"

"రాసిన పెద్దమ్మ."

"ఏం రాసినవో జర చదువు."

కాగితంలో పదకొండూ ‘ఆకు తినేవి’ అన్న గడిలోనే ఉన్నాయి.

"పురుగులను తినేవి, పదకొండు," అని చదివింది సింధుజ.

"యాడ రాసినవ్?"

సింధుజ వేలుపెట్టి చూపించింది. పెంటమ్మ దగ్గరికి జరిగి, ఆ గడి మీదికి వంగి, మెల్లగా పెదవులు కదిపింది.

"మందు కొట్టాలని రాయలేదు గద బిడ్డ?"

"లేదు పెద్దమ్మ."

రైతు వేలిముద్ర ఉంటేనే కాగితం చెల్లుతుంది. పెంటమ్మకు చదువు రాదని, పింఛను కాగితాల మీద అప్పట్లో వేలు పట్టుకుని ముద్ర వేయించింది సింధుజే. ఇవాళ ఆ చెయ్యి ముట్టుకోవడానికి మనసొప్పలేదు. సిరా ప్యాడ్ తెరిచి, కాగితం, పెన్ను పక్కన పెట్టి, బియ్యం చాట ఎత్తుకుని లోపలికి పోయింది. డబ్బాలో పోసిన బియ్యాన్నే మళ్లీ మళ్లీ సర్దుతూ నిలబడింది.

తిరిగి వచ్చేసరికి పెంటమ్మ గంప నెత్తికెత్తుకుని గడప దాటుతోంది.

వేలిముద్ర వేయాల్సిన చోట, కొత్తగా రాయడం నేర్చినవాళ్ల వంకర అక్షరాలతో ఉంది: ‘తప్పు బిడ్డ’.